పీసీ కొనాలా, కన్సోల్ కొనాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా మా బంధువుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అబ్బాయికి కంప్యూటర్ కొందామని మేము, ప్లేస్టేషన్ కావాలని వాడు. నువ్వే తేల్చాలి" అని. మా ఇంట్లో రెండూ ఉన్నాయి: కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి, టీవీకి తగిలించి గేములు ఆడే యంత్రం) హాల్లో టీవీ కింద, పీసీ నా గదిలో. ఏటా చెప్పిందే చెబుతున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. ధరలు నెలనెలా మారుతున్నాయి, ఇక్కడి అంకెలను అంచనాకే వాడుకోండి.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏది మంచిది?

మీరు ఎక్కడ కూర్చుని ఆడతారో, ఎవరితో ఆడతారో చెబితే ఒక్క ముక్కలో చెప్పగలను. అందరూ "ఏది శక్తిమంతం?" అని మొదలుపెడతారు. డబ్బు పెట్టే కొద్దీ పీసీయే శక్తిమంతం, అందులో వాదన లేదు. కానీ కొన్న ఆరు నెలలకు దుమ్ముపట్టిన యంత్రాలు నేను చాలా చూశాను. వాటిలో ఒక్కటి కూడా శక్తి చాలక మూలన పడలేదు. ఆడే చోటు కుదరకో, ఆడే మనిషి దొరకకో పడ్డాయి.

మా ఇంట్లో ఒకటే టీవీ. కన్సోల్ కొనవచ్చా?

ఆ టీవీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎవరి చేతిలో ఉంటుందో ముందు చూసుకోండి. సీరియళ్లు చూసే అత్తగారో అమ్మో ఉన్న ఇంట్లో రిమోట్ మీ చేతికి రావడం కల్ల. ఆదివారం క్రికెట్ మ్యాచ్ ఉంటే ఇక ఆ రోజు లెక్కలోంచి తీసేయండి. మిగిలేది రాత్రి పది తర్వాతి సమయం. అప్పుడు హాల్లో శబ్దం పెంచకూడదు. చివరికి చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని చీకట్లో సోఫా అంచున కూర్చుంటారు. నేను రెండేళ్లు అలాగే ఆడాను.

దీనికి విరుగుడు ఉంది. కన్సోల్‌కు టీవీయే ఉండాలన్న నియమం లేదు. హెచ్‌డీఎంఐ ఉన్న మానిటర్ ఏదైనా సరిపోతుంది. పది, పన్నెండు వేల మానిటర్ కొని గదిలో పెట్టుకుంటే ఇంట్లో శాంతి ఉంటుంది. కాకపోతే ఆ పన్నెండు వేలను కన్సోల్ ధరలో కలుపుకుని అప్పుడు పీసీతో పోల్చండి. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు.

టీవీలోనే ఆడేట్లయితే ఒక చిన్న పని మరిచిపోవద్దు. సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది, అందుకే మీరు బటన్ నొక్కిన కాసేపటికి గాని తెర మీద మనిషి ఎగరడు. గేమ్ మోడ్‌లో ఆ మెరుగులు ఆగిపోతాయి. "కన్సోల్ నెమ్మదిగా ఉంది" అని నాకు వచ్చిన ఫిర్యాదుల్లో సగం దీంతోనే తీరిపోయాయి.

అరవై వేల లోపు దేనికి ఎక్కువ విలువ?

బొమ్మ నాణ్యత ఒక్కటే చూస్తే కన్సోల్‌కే. పీఎస్5, అంటే ప్లేస్టేషన్ 5, మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, అప్పుడు డిస్కు డ్రైవు ఉన్న దాని ధర ₹49,990. 2024లో దాని సన్నని రూపం స్లిమ్ వచ్చినప్పుడు ధర ₹54,990. ఆ డబ్బుకు ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, గేములను దాచుకుని చాలా వేగంగా చదివే ఎస్ఎస్‌డీ, ఒక కంట్రోలర్ వస్తాయి. పెట్టె విప్పి వైర్లు తగిలించి, అప్‌డేట్ పూర్తయ్యాక ఆడుకోవడమే.

అదే డబ్బుతో పీసీ కట్టించాలంటే సగం, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. మిగిలిన సగంలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) సర్దాలి. మానిటర్, కీబోర్డు, మౌసు ఇంకా బయటే ఉన్నాయి. పైగా 2025 చివర ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు మళ్లడంతో మన దాకా వచ్చేవి తగ్గిపోయాయి. కన్సోల్ చూపించే బొమ్మను పీసీలో చూడాలంటే మానిటర్‌తో కలిపి ఎనభై, తొంభై వేలు పెట్టుకోండి.

పీసీ కట్టించేటప్పుడు అందరూ గ్రాఫిక్స్ కార్డు గురించి గంట మాట్లాడతారు, ఎస్ఎంపీఎస్ గురించి ఎవరూ అడగరు. నా మొదటి పీసీకి దుకాణదారు క్యాబినెట్‌తో పాటు "ఇది ఫ్రీ సార్" అని ఒక ఎస్ఎంపీఎస్ ఇచ్చాడు. దాని మీద 500 వాట్లు అని పెద్ద అక్షరాలు. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా అంత తేలిక. మే నెలలో ఒక మధ్యాహ్నం గదంతా కాలిన వాసన వచ్చింది. మదర్‌బోర్డు కూడా దానితోనే పోయింది. అప్పటి నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఎవరిని తీసుకెళ్లినా, ముందు ఎస్ఎంపీఎస్ ఏ కంపెనీదో, దాని మీద 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉందో లేదో చూపించమంటాను. బరువు కూడా చూస్తాను. దుకాణాల వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

కొన్న తర్వాత ఖర్చు ఎందులో ఎక్కువ?

కన్సోల్‌లో. కొత్త పెద్ద గేము ₹4,000 నుంచి ₹5,000 పైన ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న గేములను ఇంటర్నెట్‌లో ఇతరులతో ఆడాలంటే చాలావాటికి చందా కూడా కట్టాలి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకు మాత్రం ఆ చందా అక్కర్లేదు. పీసీలో అటువంటి రుసుము లేదు.

పీసీ గేములకు స్టీమ్ అనే దుకాణం 2003 నుంచి ఉంది. ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కొనవచ్చు. వేసవిలో, డిసెంబరులో పెద్ద తగ్గింపులు వస్తాయి. రెండు, మూడేళ్ల పాత గేములు అప్పుడు సగానికీ పావుకూ దొరుకుతాయి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. మీ పీసీ ఆ గేమును లాగగలదో లేదో తేల్చుకోవడానికి ఆ రెండు గంటలు చాలు. ఎపిక్ దుకాణం 2018 చివర మొదలైన దగ్గరి నుంచి ఉచితంగా గేములు పంచుతూనే ఉంది. నా ఖాతాలో అలా చేరినవి వందకు పైగా ఉన్నాయి. ఆడినవి తొమ్మిది.

కన్సోల్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. డిస్కు కొంటే అమ్ముకోవచ్చు. ₹4,999కి కొన్న గేమును నెలలో ముగించి మూడు వేలకు అమ్మి, దానితో ఇంకొకటి కొన్న రోజులు నాకున్నాయి. పీసీలో ఈ సౌకర్యం లేనే లేదు, కొన్నది మీ ఖాతాకు అతుక్కుపోతుంది. అందుకే డిస్కు డ్రైవు లేని కన్సోల్ ధర తక్కువని తొందరపడవద్దు. ఏడాదికి నాలుగు గేములు కొని అమ్మితే ఆ తేడా తిరిగి వచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డ్రైవు ఎప్పటికీ పెట్టలేరు. పీఎస్5 స్లిమ్‌కు మాత్రం తర్వాతైనా విడిగా కొని బిగించుకోవచ్చు.

నాకు కావలసిన గేము ఎందులో వస్తుందో ఎలా తెలుస్తుంది?

గేము పేరు ముందు రాసుకోండి, యంత్రం తర్వాత. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 పీసీలోనే ఉన్నాయి, రెండూ ఉచితం. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ సొంత గేములు ముందు అందులో వచ్చి, చాలావరకు కొన్నేళ్లకు పీసీకి చేరుతూ వచ్చాయి. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్ పీసీకి 2022 జనవరిలో వచ్చింది, 2020 నాటి ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2024 మేలో వచ్చింది. నాలుగేళ్లు ఆగగలిగితే పీసీ చాలు. మైక్రోసాఫ్ట్ అయితే తన గేములను పీసీకి, ఎక్స్‌బాక్స్‌కు ఒకేసారి ఇస్తుంది. కొన్నింటిని ప్లేస్టేషన్‌కు కూడా ఇస్తోంది, ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్5కు వచ్చింది. కాబట్టి మంచి పీసీ ఉన్నవారు పక్కన ఎక్స్‌బాక్స్ కొనడానికి నాకు కారణం కనిపించదు.

ఇక జీటీఏ, అంటే రాక్‌స్టార్ కంపెనీ వారి గ్రాండ్ తెఫ్ట్ ఆటో. రాక్‌స్టార్ అలవాటు చాలాకాలంగా ఒకటే: ముందు కన్సోళ్లు, తర్వాత పీసీ. ఐదో భాగం 2013 సెప్టెంబరులో కన్సోళ్లకు వస్తే, పీసీ వాళ్లు 2015 ఏప్రిల్ దాకా కూర్చున్నారు. ఆరో భాగాన్ని కూడా పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు మాత్రమే ప్రకటించారు. మీ ఇంట్లో కుర్రాడు ప్లేస్టేషనే కావాలని పట్టుబడుతుంటే, పైకి ఏ కారణం చెప్పినా లోపలి కారణం ఇదే అయి ఉండవచ్చు.

స్నేహితులతో ఆడటానికి ఏది?

వాళ్ల దగ్గర ఏది ఉంటే అదే. దీని మీద ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. వాలరెంట్ అనే తుపాకుల ఆట కన్సోళ్లకు 2024లో వచ్చింది గాని, పీసీ ఆటగాళ్లతో కలిపి ఆడనివ్వరు. మౌసుతో గురి పెట్టేవాడికి, బొటనవేలితో కంట్రోలర్ మీది చిన్న కర్ర తిప్పేవాడికి పోటీ పెడితే న్యాయం కాదు కదా.

అయితే ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని ఆడే ఆటకు కన్సోల్‌ను మించింది లేదు. మొన్న సంక్రాంతికి మా హాల్లో ఏడుగురు, కంట్రోలర్లు రెండు. ఓడినవాడు లేచి చక్కిలాల పళ్లెం తేవాలి, అదీ నియమం. మా పెద్ద బావగారు జీవితంలో కంట్రోలర్ పట్టలేదు. ఫుట్‌బాల్ ఆటలో బంతి కుడికి వెళ్లాలంటే ఒళ్లంతా కుడికి వంచేవారు, బటన్ మాత్రం నొక్కేవారు కాదు. తన గోల్‌లోకి తనే బంతి కొట్టుకుని "గోల్!" అని చేతులు పైకెత్తారు. ఈ ఆనందం నా గదిలోని పీసీ ముందు, ఒక్క కుర్చీ పట్టే చోట, సాధ్యం కాదు. రెండో కంట్రోలర్‌కు సుమారు ఆరు వేలు అవుతుంది, మొదటి బడ్జెట్లోనే కలుపుకోండి.

చదువుకు కూడా పనికి రావాలి అంటున్నారు మా నాన్నగారు.

నాన్నగారు చెప్పింది నిజమే. ఇంజనీరింగ్‌లో చేరుతున్నవారికి కంప్యూటర్ ఎలాగూ కొనాలి. కోడింగ్, ఆటోక్యాడ్, ప్రాజెక్టు రిపోర్టులు కన్సోల్‌లో సాగవు. ఎలాగూ పెట్టే యాభై వేలకు మరో పాతిక, ముప్పై కలిపి గ్రాఫిక్స్ కార్డు వేయించుకుంటే రెండు పనులూ అవుతాయి. విద్యార్థికి నా జవాబు మారదు: పీసీ. ఉద్యోగం చేస్తూ రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి మాత్రం సరిగ్గా ఎదురు జవాబు చెబుతాను. ఆఫీసు ల్యాప్‌టాప్ మూసి, మళ్లీ అదే కుర్చీలో అదే కీబోర్డు ముందు కూర్చుని, డ్రైవర్ అప్‌డేట్ అడుగుతుంటే చూస్తూ ఉండటం అలసట మీద అలసట. వాళ్లకు రాత్రి దొరికేది ఒక గంట. కన్సోల్ అయితే నిన్న ఆపిన చోటి నుంచి నిమిషంలో మొదలవుతుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ ఎలా ఉంటుంది?

హాస్టల్లో ఉండేవారికి తప్పదు, ఇంట్లో ఉండేవారికి వద్దు. అదే పేరున్న గ్రాఫిక్స్ చిప్పు ల్యాప్‌టాప్‌లో తక్కువ కరెంటుతో పనిచేస్తుంది, కాబట్టి డెస్క్‌టాప్ కార్డు అంత వేగం ఉండదు. ఎండాకాలం ఏసీ లేని గదిలో ఫ్యాన్ల హోరు పక్క మంచం వాడికి కూడా నిద్ర పట్టనివ్వదు. నాలుగేళ్లకు పాతబడితే గ్రాఫిక్స్ చిప్పు మార్చుకునే వీలు కూడా ఉండదు.

మా ఊళ్లో కరెంటు పోతుంటుంది. ఏం చేయాలి?

ఇది అడిగేవారు తక్కువ, అడగాల్సినవారు ఎక్కువ. ఆట మధ్యలో కరెంటు పోతే పోయేది ఆట ఒక్కటే కాదు. సరిగ్గా సేవ్ అవుతున్న క్షణంలో పోతే నలభై గంటల ప్రయాణం చెడిపోవచ్చు. కన్సోల్ మళ్లీ ఆన్ చేయగానే "సరిగ్గా ఆపలేదు" అని మందలించి, నిల్వను తనిఖీ చేసుకుంటుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద చిన్న స్విచ్ ఉందేమో వెతకండి. ఒక వైపు ఎకో లేదా నార్మల్, ఇంకో వైపు యూపీఎస్ అని ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఫ్యానుకు, లైటుకు తెలియదు గాని కంప్యూటర్‌కు తెలుస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు తట్టుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ సుమారు పది మిల్లీసెకన్లలో మారుతుంది కాబట్టి గట్టెక్కుతుంది. మా ఇంట్లో ఈ స్విచ్ సంగతి తెలియక ఏడాది పాటు పీసీని తిట్టుకున్నాను. తెలిసిన రోజు స్టూలు ఎక్కి దుమ్ము తుడిచి దాన్ని అటు తోశాను, అంతే.

ఇన్వర్టర్ లేకపోతే విడిగా యూపీఎస్ కొనండి. కానీ మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల వరకే. కన్సోల్, మానిటర్ కలిపి అందులో సర్దుకుంటాయి. గేము ఆడుతున్న పెద్ద పీసీ సర్దుకోదు, కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని అరిచి తనూ ఆగిపోతుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

పీఎస్5 పెద్ద గేము ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. రోజుకు మూడు గంటల లెక్కన నెలకు 18 యూనిట్లు. 400 వాట్ల పీసీ అయితే 36. ఏసీ ముందు ఇవి లెక్కలోకి రావు. మీరు స్లాబు అంచున ఉంటే మాత్రం చూసుకోండి.

ఇంటర్నెట్ ఎంత వేగం ఉండాలి?

ఆడటానికి ఎక్కువ అక్కర్లేదు, దింపుకోవడానికి కావాలి. 100 జీబీ గేము 100 ఎంబీపీఎస్ లైను మీద రెండుంబావు గంటలు పడుతుంది. మొబైల్ డేటాతో పని కాదు. డిస్కు కొన్నా అప్‌డేట్లు దింపాల్సిందే. వీలైతే వైఫై మానేసి రూటర్ నుంచి నేరుగా కేబుల్ లాగండి.

అమెరికాలో ఉన్న అన్నయ్య వస్తున్నాడు. అక్కడి నుంచి తెప్పించుకోనా?

పీఎస్5 అక్కడిదైనా మన కరెంటుకు నడుస్తుంది, పిన్ను మార్చుకుంటే చాలు. గేము డిస్కులు కూడా ఏ దేశానివైనా పనిచేస్తాయి. కానీ వారంటీ ఇక్కడ వర్తించదు. అమెరికాలో కూడా ఇప్పుడు చవక కాదు: 2020లో 499.99 డాలర్లున్నది 2025 ఆగస్టులో 549.99 అయింది. పన్నులు వేరు. కస్టమ్స్‌లో 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్‌కు సుంకం ఉండదు. కన్సోల్‌కు అలాంటి ప్రత్యేక మినహాయింపు లేదు, మామూలు సామాను పరిమితిలోనే లెక్క. అన్నయ్య సూట్‌కేసులో ఆవకాయకు చోటు ఉంటుందేమో గాని, ఆ పెట్టె పెడితే వదినగారి సామాను తీయాల్సి వస్తుంది. నన్నడిగితే ఇక్కడే బిల్లుతో కొనుక్కోమంటాను. నింటెండో స్విచ్ అయితే వేరు. అది మన దేశంలో అధికారికంగా రాలేదు కాబట్టి, తెప్పించుకుంటే అదే తెప్పించుకోండి.

ఆన్‌లైన్ గేములను ప్రభుత్వం నిషేధించిందటగా?

2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి అలాంటివాటి మీద నిషేధం ఉంది. మీరు కొనుక్కుని ఆడే వీడియో గేములకు దానితో సంబంధం లేదు. పిల్లల ఆట సమయానికి హద్దు పెట్టాలంటే రెండింటిలోనూ ఏర్పాటు ఉంది, కన్సోల్‌లో కాస్త తేలిక.

ధర తగ్గేదాకా ఆగనా?

ఒకప్పుడు కన్సోల్ ధర ఏడాదికేడాది తగ్గేది. ఈ తరంలో అది తిరగబడి పెరుగుతోంది. ఆగినంత మాత్రాన లాభం వస్తుందని నేను అనుకోవడం లేదు. డబ్బు చేతిలో ఉంటే పండుగ ఆఫర్లకు కొనేయండి.

సెకండ్ హ్యాండ్ కొనవచ్చా?

పీసీ విడిభాగాల్లో ర్యామ్, ప్రాసెసర్ పాతవి కొనడానికి భయపడనక్కర్లేదు. ఎస్ఎంపీఎస్ మాత్రం పాతది వద్దు. గ్రాఫిక్స్ కార్డు అయితే అమ్మేవారి ఇంట్లోనే అరగంట గేము నడిపించి చూడండి. కన్సోల్‌కూ అదే పద్ధతి: పెట్టె, బిల్లు చూసి, మీరు తీసుకెళ్లిన డిస్కు ఒకటి వేసి, ఇరవై నిమిషాలు ఆడండి. కంట్రోలర్ ముట్టుకోకుండా టేబుల్ మీద పెట్టినప్పుడు తెర మీది మనిషి తనంతట తానే నడుస్తుంటే దాని కర్ర అరిగిపోయినట్టు, ఆ ఆరు వేలు ధరలోంచి తగ్గించమనండి. చివరగా అమ్మేవారి ఖాతాను అందులోంచి తీసేయించి, మీ ఖాతాతో ఒకసారి ఆన్‌లైన్‌కు వెళ్లి చూడండి. కంపెనీ నిషేధించిన యంత్రమైతే డబ్బు ఇవ్వకముందే అక్కడ తెలిసిపోతుంది.